బ్రౌజర్‌లో వీడియోలు సరిగ్గా రావడం లేదు, విండోస్ ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విండోస్ ల్యాప్‌టాప్, క్రోమ్ బ్రౌజర్. పది రోజులుగా కొన్ని సైట్లలో వీడియో పెడితే మాటలు వినిపిస్తున్నాయి గానీ తెర నల్లగా ఉంటోంది. ఒక సైట్లో ఎంతసేపు చూసినా చక్రం తిరుగుతూనే ఉంటోంది. ఇంకో చోట బొమ్మ వస్తోంది, సౌండ్ లేదు. క్యాష్ (బ్రౌజర్ దాచిపెట్టుకునే సైట్ల ఫైళ్లు) క్లియర్ చేశారు, క్రోమ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, ఏ మార్పూ లేదు. తెలిసినవాళ్లు ఫార్మాట్ కొట్టమంటున్నారు.

ఫార్మాట్ అక్కర్లేదండీ, టెన్షన్ పడకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు. మూడింటికీ కలిపి ఒకే మందు వేస్తున్నారు కాబట్టి గుణం కనిపించడం లేదు. మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్ (విండోస్‌కీ బొమ్మ చూపించే చిప్‌కీ మధ్య నడిచే సాఫ్ట్‌వేర్) గొడవ. చక్రం తిరుగుతూ ఉండిపోతే ముందు ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు), తర్వాత నెట్‌వర్క్‌ను అనుమానించాలి. సౌండ్ ఒక్కటే రాకపోతే అది ఏ స్పీకర్‌కి వెళుతోందో చూడాలి.

ఇప్పుడే చేయదగ్గ పని ఒకటి చెబుతాను. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే విభాగం ఉంటుంది. అందులో 'యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్' అనే స్విచ్ ఆపేసి, పక్కనే వచ్చే రీలాంచ్ నొక్కండి. నల్ల తెర పోయి బొమ్మ వస్తే మొదటి దొంగ దొరికినట్టే. అయితే దీన్ని అలాగే వదిలేయకండి, ఎందుకో కింద చెబుతాను.

క్రోమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఎందుకు బాగుపడలేదంటే, అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్రౌజింగ్ డేటా కూడా తీసేయమని టిక్ పెట్టకపోతే మీ ప్రొఫైల్ (మీ సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లు) మొత్తం డిస్క్‌లో అలాగే ఉండిపోతుంది. టిక్ పెట్టినా, సింక్ (మీ గూగుల్ ఖాతాలో దాచినవి తిరిగి తెచ్చేది) ఆన్ చేసి లాగిన్ అవగానే పాత ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగ్స్ తిరిగొచ్చేస్తాయి. పైగా గ్రాఫిక్స్ డ్రైవర్ క్రోమ్‌లో భాగం కాదు, విండోస్‌ది. ఇల్లు మారినా పాత సామానంతా వెంట తెచ్చుకున్నట్టు అన్నమాట.

క్యాష్ క్లియర్ గురించి కూడా నా గోడు ఒకటి ఉంది. ఎవరు ఏ సమస్య చెప్పినా మొదటి సలహా అదే. నేను దాన్ని చివరికి పెట్టుకుంటాను. క్యాష్‌తో పాటు కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి దాచే చిన్న ఫైళ్లు) కూడా అన్నీ ఒకేసారి చెరిపేస్తే అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయిపోతారు, ఒకవేళ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలీదు, వారం తర్వాత అదే తిరిగొస్తుంది. ఒక్క సైట్ డేటానే తీసేయాలంటే అడ్రస్ బార్‌లో సైట్ పేరుకి ఎడమవైపున్న గుర్తు నొక్కి, ఆ సైట్ వరకే చెరపొచ్చు.

ముందు మూడు పరీక్షలు, ఒక్కోసారి ఒక్కటే మార్చి

చాలా ఏళ్లుగా కంప్యూటర్ సపోర్ట్ పనిలో ఉన్నాను. ఫోన్ ఎత్తగానే నేను అడిగేవి ఈ మూడే.

మొదటిది, ఇన్‌కాగ్నిటో విండోలో అదే వీడియో పెట్టండి. అక్కడ ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పనిచేయవు, పాత కుకీలు ఉండవు. అక్కడ ఆడితే తప్పు మీ ఎక్స్‌టెన్షన్లదో, ఆ సైట్ కుకీలదో. అప్పుడు ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపుతూ వెళ్లండి. చాలా ఉంటే సగం ఆపి చూడండి, మిగిలిన సగంలో మళ్లీ సగం. తొందరగా తేలుతుంది.

రెండోది, వేరే బ్రౌజర్. ఇక్కడే చాలామంది పొరపడతారు. క్రోమ్‌లో రాలేదని ఎడ్జ్‌లో చూస్తారు, బ్రేవ్‌లో చూస్తారు, ఓపెరాలో చూస్తారు. ఇవన్నీ క్రోమియం (క్రోమ్‌కి పునాది అయిన కోడ్) మీద కట్టినవే, లోపలి ఇంజిన్ ఒకటే. నిజంగా తేడా తెలియాలంటే ఫైర్‌ఫాక్స్‌లో చూడాలి. ఐఫోన్‌లోనైతే ఈ పరీక్షకి పెద్దగా విలువే లేదు. అక్కడ క్రోమ్ పేరుతో ఉన్నదైనా, ఫైర్‌ఫాక్స్ పేరుతో ఉన్నదైనా లోపల నడిచేది దాదాపు ప్రతిచోటా సఫారీ ఇంజిన్ వెబ్‌కిట్టే.

మూడోది, వేరే నెట్‌వర్క్. వైఫై ఆపి ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి రెండు నిమిషాలు చూడండి. ఆడిందంటే ల్యాప్‌టాప్‌నీ బ్రౌజర్‌నీ వదిలేసి రూటర్, డీఎన్‌ఎస్ (సైట్ పేరుని బట్టి దాని చిరునామా వెతికేది), వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పేది) వైపు వెళ్లొచ్చు.

ఈ మూడూ చేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఏ సెట్టింగూ మార్చక ముందే తప్పు ఏ వైపుందో సగం తెలిసిపోతుంది.

నల్ల తెర

వీడియో ఫైలు కుదించిన రూపంలో వస్తుంది. దాన్ని విప్పి బొమ్మగా మార్చే పనిని బ్రౌజర్ వీలైనంతవరకు గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తుంది. ఆడియో విప్పే పని తేలిక, అది ప్రాసెసర్ దగ్గరే జరిగిపోతుంది. అందుకే గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయిస్తే సౌండ్ చక్కగా వస్తుంది, బొమ్మ ఒక్కటే రాదు. పైన చెప్పిన స్విచ్ ఆపితే బొమ్మ విప్పే పని కూడా ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి తాత్కాలికంగా బొమ్మ వస్తుంది. కానీ ఫ్యాన్ గోల పెడుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఎక్కువ క్వాలిటీ పెడితే తడబడుతుంది. కాబట్టి అది పరీక్ష వరకే. అసలు మందు డ్రైవర్ సరిచేసి మళ్లీ ఆ స్విచ్ ఆన్ చేయడం.

మీరు పది రోజులుగా అన్నారు. అది నాకు పెద్ద ఆధారం. విండోస్ సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, డ్రైవర్ అప్‌డేట్స్ కింద సరిగ్గా ఆ రోజుల్లో డిస్‌ప్లే డ్రైవర్ ఏదైనా వచ్చిందేమో చూడండి. వచ్చుంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, మీ గ్రాఫిక్స్ చిప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కితే పాతది తిరిగొస్తుంది. ఆ రోజుల్లో అలాంటి అప్‌డేట్ ఏదీ రాకపోయుంటే దానికి ఎదురు పని చేయండి, ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి కొత్త డ్రైవర్ తెచ్చి వేయండి. డ్రైవర్ అప్‌డేటర్ అని తిరిగే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఇంకో చిట్కా. వీడియో నల్లగా ఉన్నప్పుడే కీబోర్డులో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక క్షణం మిణుకుమని గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. దాంతో బొమ్మ వస్తే డ్రైవర్ మీద అనుమానం ఇంకా గట్టిపడినట్టే.

ఇదంతా అన్ని సైట్లలోనూ నల్లగా ఉంటే. డబ్బు కట్టి చూసే సైట్లలో మాత్రమే నల్లగా ఉండి, ఉచిత వీడియోలు బాగా ఆడుతుంటే కథ వేరు. అక్కడ డీఆర్‌ఎం ఉంటుంది, అంటే కాపీ కాకుండా వేసే తాళం. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు వైడ్‌వైన్, సఫారీలో ఫెయిర్‌ప్లే, విండోస్‌లోని ఎడ్జ్‌లో ప్లేరెడీ కూడా ఉంటుంది. క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్://కాంపొనెంట్స్ అని (ఇంగ్లీష్ అక్షరాల్లో) కొడితే ఒక జాబితా వస్తుంది. అందులో వైడ్‌వైన్ కంటెంట్ డిక్రిప్షన్ మాడ్యూల్ కింద 'చెక్ ఫర్ అప్‌డేట్' నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లోనైతే సెట్టింగ్స్‌లో జనరల్ కింద డీఆర్‌ఎం కంటెంట్ ఆడనివ్వాలా అనే టిక్ ఉంటుంది, అది ఉందో లేదో చూడండి.

తాళానికి రెండో భాగం కేబుల్ దగ్గర ఉంటుంది. హెచ్‌డీసీపీ అంటారు. ల్యాప్‌టాప్‌కీ మానిటర్‌కీ మధ్య ఉన్న ప్రతి పరికరం దాన్ని ఒప్పుకోవాలి. ఒకాయన ల్యాప్‌టాప్ తెర మీద సినిమా బాగానే వచ్చేది, పెద్ద మానిటర్‌కి కలపగానే నల్లగా అయిపోయేది. రెండు రోజులు డ్రైవర్లు మార్చి మార్చి అలిసిపోయి నన్ను పిలిచాడు. మధ్యలో ఒక పాత స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని రెండుగా చీల్చే డబ్బా) పెట్టాడు, దానికి హెచ్‌డీసీపీ రాదు. స్ప్లిటర్ తీసేసి కేబుల్ నేరుగా పెడితే బొమ్మ వచ్చేసింది. స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వెనక నడుస్తున్నా, రిమోట్ డెస్క్‌టాప్‌లో చూస్తున్నా ఇలాగే నల్లగా కావచ్చు. అది చెడిపోవడం కాదు, తాళం తన పని తాను చేయడమే.

చక్రం తిరుగుతూనే ఉంటే

ఇప్పటి సైట్లు వీడియోను ఒకే ఫైలుగా పంపవు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతాయి, ప్లేయర్ ఒక్కొక్క ముక్కనీ అడిగి తెచ్చుకుంటుంది. మధ్యలో ప్రకటన ముక్క ఉంటే దాన్నీ అడుగుతుంది. మీ యాడ్ బ్లాకర్ ఆ ముక్కను ఆపేసిందనుకోండి, ప్లేయర్ ఇంకా వస్తుందేమో అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మీకు కనిపించేది ఆ ఎదురుచూపే.

దీన్ని ఊహించక్కర్లేదు, చూడొచ్చు. ఆ పేజీలో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే ట్యాబ్ తెరిచి, పేజీని రీఫ్రెష్ చేయండి. ఎర్ర రంగులో వచ్చే లైన్లు చూడండి. 'బ్లాక్డ్ బై క్లయింట్' అని ఉంటే ఆపింది మీ ఎక్స్‌టెన్షనే. 403 ఉంటే సర్వర్ మీకు అనుమతి ఇవ్వడం లేదు, లాగౌటై మళ్లీ లాగిన్ అవండి, వీపీఎన్ ఉంటే ఆపండి. 404 ఉంటే ఫైలే అక్కడ లేదు, తప్పు సైట్‌ది, మీరు చేయగలిగింది వాళ్లకి చెప్పడమే. కొన్ని ప్లేయర్లు తెర మీదే కోడ్ చూపిస్తాయి. చాలా చోట్ల అవి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఉన్న నాలుగు అంకెలే: 1 అంటే లోడింగ్ మధ్యలో ఆపేశారు, 2 అంటే నెట్‌వర్క్ తెగింది, 3 అంటే ఫైలు వచ్చింది గానీ విప్పడం కుదరలేదు, 4 అంటే ఆ ఫార్మాట్ ఈ బ్రౌజర్‌కి రాదు లేదా ఫైలు అందలేదు.

నెట్ స్లోనా, కంప్యూటర్ స్లోనా అని తేల్చడానికి నాకు బాగా నచ్చిన దారి యూట్యూబ్‌లోనే ఉంది. వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' నొక్కండి. బఫర్ హెల్త్ (ముందుగా తెచ్చిపెట్టుకున్న వీడియో ఎంతసేపటికి ఉందో చెప్పేది) అనేది సున్నాకి పడిపోతూ ఉంటే నెట్ అందడం లేదు. బఫర్ నిండుగా ఉండి, డ్రాప్డ్ ఫ్రేమ్స్ (చూపించలేక వదిలేసిన బొమ్మలు) పెరుగుతూ పోతుంటే నెట్‌ది ఏ తప్పూ లేదు, కంప్యూటర్ విప్పలేకపోతోంది. ఈ రెండు అంకెలు చూడకుండా ఇంటర్నెట్ ప్లాన్ మార్చుకున్నవాళ్లు ఎందరో. స్పీడ్ ఎంత కావాలంటే, నెట్‌ఫ్లిక్స్ తన వీడియోలకి చెప్పే లెక్క 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15. స్పీడ్ టెస్ట్‌లో వంద చూపిస్తూ వీడియో మాత్రం ఆగిపోతుంటే ఆశ్చర్యపోకండి. టెస్ట్ సర్వర్‌కి దారి వేరు, వీడియో సర్వర్‌కి దారి వేరు. హాట్‌స్పాట్ పరీక్ష అందుకే చెప్పాను.

గడియారం కూడా ఒకసారి చూడండి, నవ్వకండి. ఒకామె కంప్యూటర్‌లో టైమ్ జోన్ తప్పుగా ఉంది. టైమ్ తేడాగా కనిపిస్తోందని ఆవిడ గంటల ముల్లు చేత్తో సరిచేసుకుంది. చూడ్డానికి టైమ్ సరిగ్గానే ఉంది, లోపల మాత్రం కొన్ని గంటల తేడా. మామూలు సైట్లన్నీ తెరుచుకుంటున్నాయి, పెయిడ్ వీడియోలు మాత్రం లైసెన్స్ దగ్గర ఆగిపోతున్నాయి. ఆ లైసెన్స్‌కి ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా అని గడువు ఉంటుంది మరి. టైమ్ జోన్ సరిచేసి ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేశాం, అంతే.

సౌండ్ రాకపోతే

ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు, ఓపికగా ఒక్కో మెట్టూ దిగాలి. ప్లేయర్‌లోని స్పీకర్ గుర్తు, తర్వాత ట్యాబ్ (ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేస్తే 'అన్‌మ్యూట్ సైట్' అని కనిపిస్తే ఆ సైట్ మ్యూట్‌లో ఉన్నట్టు), తర్వాత విండోస్ వాల్యూమ్ మిక్సర్‌లో క్రోమ్ గీత, తర్వాత సౌండ్ ఏ పరికరానికి వెళుతోంది అన్నది. ఈ చివరిది నన్నే ఒకసారి ముంచింది. నా సొంత కంప్యూటర్‌లో సౌండ్ పోతే గంటసేపు డ్రైవర్లు పీకాను. చివరికి చూస్తే అంతకుముందు రోజు హెచ్‌డీఎంఐ మానిటర్ కలిపాను, విండోస్ సౌండ్‌ని ఆ మానిటర్‌కి పంపుతోంది. దానికి స్పీకర్లే లేవు.

వీడియో తనంతట తాను మొదలై సౌండ్ లేకుండా ఆడుతుంటే అది లోపం కాదు. 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66 నుంచి, మీరు పేజీలో ఎక్కడైనా క్లిక్ చేసేదాకా సౌండ్‌తో వీడియో దానంతటది మొదలవడాన్ని బ్రౌజర్ ఆపుతుంది. మీరు తరచుగా వీడియోలు చూసే సైట్లకి మినహాయింపు ఇస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2019లో, సఫారీ అంతకుముందే అలాంటి నియమం పెట్టాయి. సైట్లు దీనికి విరుగుడుగా వీడియోను మ్యూట్‌లో మొదలుపెడతాయి. స్పీకర్ గుర్తు నొక్కితే సరి.

యూట్యూబ్‌లో 'ఆడియో రెండరర్ ఎర్రర్, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి' అని వస్తే హెడ్‌ఫోన్ పిన్ తీసి మళ్లీ పెట్టండి, చాలాసార్లు రీస్టార్ట్ లేకుండానే పోతుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ సౌండ్ పరికరాన్ని పట్టుకుని వదలకపోవడం దీనికి మామూలు కారణం.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో సౌండ్ వస్తోంది గానీ పాత టెలిఫోన్‌లో విన్నట్టు బొంగురుగా ఉందంటే, ఎక్కడో మైక్ ఆన్‌లో ఉంది. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్లు మైక్ వాడగానే పాటల మోడ్ నుంచి ఫోన్ కాల్ మోడ్‌కి మారిపోతాయి, క్వాలిటీ పడిపోతుంది. ఒక కుర్రాడు ఇలాగే కొత్త హెడ్‌సెట్ పాడైందని వెనక్కి పంపబోయాడు. పొద్దున్న జరిగిన మీటింగ్ ట్యాబ్ మూయకుండా అలాగే వదిలేశాడు, అది మైక్‌ని పట్టుకుని కూర్చుంది. ట్యాబ్ మూయగానే పాట మామూలుగా వచ్చింది.

డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా ఫైలును క్రోమ్‌లోకి లాగి పడేస్తే బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే, అందులో ఆడియో డాల్బీ ఏసీ-3 రకం అయి ఉండొచ్చు. దాన్ని వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో పెట్టుకోండి, బ్రౌజర్‌తో కుస్తీ అనవసరం.

ల్యాప్‌టాప్ పాతదైతే

మీది ఎప్పటిదో చెప్పలేదు. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కోడెక్‌లలో (వీడియోను కుదించే పద్ధతులు) పంపుతుంది. ఇంటెల్‌లో వీపీ9ని చిప్ స్థాయిలో పూర్తిగా విప్పడం ఏడో తరం నుంచి, ఏవీ1ని విప్పడం పదకొండో తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఉంది. అంతకన్నా పాత ప్రాసెసరైతే ఆ భారమంతా తనమీదే వేసుకుని ఆయాసపడుతుంది. యూట్యూబ్‌ని పాత కోడెక్ హెచ్.264లో పంపమని అడిగే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, పాత మెషీన్ల మీద తేడా కళ్లకు కనిపిస్తుంది. దానికి బదులు 4కే దొరకదు, కానీ అలాంటి పాత ల్యాప్‌టాప్ తెర చాలావరకు 4కే కాదు. విండోస్ 7 లేదా 8.1 అయితే మీ క్రోమ్ 109 దగ్గర ఆగిపోయి ఉంటుంది, ఆ తర్వాతివి వాటి మీద నడవవు. అప్పుడు కొన్ని సైట్లు పనిచేయకపోవడంలో వింత లేదు.

విండోస్ పేరు చివర 'ఎన్' అనే అక్షరం ఉన్న ఎడిషన్ అయితే అందులో మీడియా భాగాలు ఉండవు. ఆప్షనల్ ఫీచర్స్‌లోంచి మీడియా ఫీచర్ ప్యాక్ వేసుకోవాలి.

చేయకూడనివి రెండు. కోడెక్ ప్యాక్‌లు ఇన్‌స్టాల్ చేయొద్దు. క్రోమ్ తనకు కావాల్సిన డీకోడర్లను తనతోనే తెచ్చుకుంటుంది, ఆ ప్యాక్‌లను కన్నెత్తి చూడదు. రెండోది, 'మీ ప్లేయర్ పాతబడింది, అప్‌డేట్ చేయండి' అని పేజీలో పాపప్ వస్తే నొక్కొద్దు. ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియోలు ఆడించిన ఫ్లాష్ ప్లేయర్‌కి 2020 డిసెంబర్ 31తో మద్దతు ముగిసింది, 2021 జనవరి 12 నుంచి అందులో కంటెంట్ ఆడకుండా అడోబీయే ఆపేసింది. ఇవాళ ఎవరైనా ఫ్లాష్ వేసుకోమంటే అది వైరస్ అనుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సిన వరుస: గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి నల్ల తెర పరీక్ష, చక్రం తిరిగే సైట్‌ని ఇన్‌కాగ్నిటోలో, తర్వాత హాట్‌స్పాట్ మీద, సౌండ్ లేని సైట్లో ట్యాబ్ మ్యూట్. వీటితో తేలకపోతే నాకు నాలుగు సంగతులు రాయండి. విండోస్, క్రోమ్ వెర్షన్లు. ప్రాసెసర్ పేరు. ఏ పరీక్షలో ఆడింది, ఏ పరీక్షలో ఆడలేదు. ఎఫ్12లో కనిపించిన ఎర్ర లైను ఉన్నదున్నట్టు. స్క్రీన్‌షాట్ పెట్టేటట్టయితే అడ్రస్ బార్‌లోని లింకు, మీ ఈమెయిల్ కనిపించకుండా కత్తిరించి పెట్టండి.